రెండో ఆదివారం రావడం మానేసిన వాళ్ళ గురించి

మా పట్టణ విశ్రాంత ఉద్యోగుల సంఘం అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఇలాంటి సంఘాలు నడుపుతున్న పెద్దలందరికీ నమస్కారాలు.

ముప్పై నాలుగేళ్ళు ఖజానా శాఖలో పని చేసి దిగిపోయినవాణ్ణి. బిల్లులో రూపాయి తేడా వచ్చినా వెనక్కి తిప్పి పంపిన చెయ్యి ఇది. అందుకని ఈ ఉత్తరంలో కూడా అక్కడక్కడా అంకెలు తగులుతాయి. ఓర్చుకోవాలి.

మన సంఘం సమావేశం ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పదింటికి. పదిన్నరకి మొదలవుతుంది, అది వేరే సంగతి. ముందు డీఆర్ (కరువు ఉపశమనం) బకాయిలు, ఆ తర్వాత పీఆర్సీ (వేతన సవరణ), ఆ తర్వాత ఈహెచ్ఎస్ అనే ఆరోగ్య పథకం కార్డు మీద ఏ ఆసుపత్రి ఎవరిని తిప్పి పంపిందీ, చివర్లో డెబ్బై నిండిన వాళ్ళకిచ్చే అదనపు క్వాంటం పింఛను. ఈలోగా టీ వస్తుంది. ఆ నెలలో ఎవరైనా సభ్యులు పోయి ఉంటే లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. ఇవన్నీ చెయ్యాల్సిన పనులే, ఒక్కటీ తప్పు పట్టను. నా ఫిర్యాదు ఒక్కటే. పోయిన వాళ్ళకి మౌనం పాటిస్తున్నాం. బతికుండి రావడం మానేసిన వాళ్ళ ఊసు మాత్రం ఏ అజెండాలోనూ లేదు.

అలా మానేసిన ఒకాయన గురించి చెప్పాలి. పేరు రాయను, మీకే తెలుస్తుంది. నాకు బిల్లు పాస్ చెయ్యడం నేర్పిన సీనియర్ అకౌంటెంటు. మేజర్ హెడ్లన్నీ, అంటే ప్రభుత్వ ఖర్చు పద్దుల నంబర్లన్నీ, ఆయన నాలిక మీద ఉండేవి. 2202 అంటే విద్య, 2210 అంటే వైద్యం, 2071 అంటే పింఛన్లు. కొత్తగా చేరిన కుర్రాడు పుస్తకం తిరగేస్తుంటే "పుస్తకం ఎందుకోయ్, నన్నడుగు" అనేవారు. రిటైరయ్యాక పదేళ్ళ పాటు ఏ రెండో ఆదివారమూ తప్పలేదు. ముందు వరసలో, ఫ్యాను కింద కుర్చీ ఆయనది.

ఒకనాడు వేదిక మీద నుంచి "మీ హెల్త్ కార్డు వచ్చిందా అండీ?" అని అడిగారు. ఆయన లేచి "ఆ, మొదటి విడత పడింది" అన్నారు. బకాయిల గురించి అడిగారనుకున్నారు. హాలంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అన్నారు. ఆ మాట ఆయనకి వినపడలేదు కానీ మా మొహాలు కనపడ్డాయి. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత రెండు నెలలు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. మూడో నెల రాలేదు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. రిజిస్టరులో సంతకం లేని గడి ఖాళీగా ఉండిపోయింది. ఎందుకు రాలేదని ఒక్కరం ఫోన్ చెయ్యలేదు.

నాలుగేళ్ళ తర్వాత మా అమ్మాయి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. శుభలేఖ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి "ఏమోయ్, దీనికి వోచరేదీ?" అన్నారు. సరదాకన్నారేమోనని నవ్వబోయాను. ఆయన భార్య గుమ్మంలో నిలబడి "ఏడాదిన్నరగా ఇంతే అన్నయ్యగారూ. పెద్దతనం కదా, చాదస్తం అనుకున్నాం" అన్నారు. డాక్టరు డిమెన్షియా అన్నాడట, అంటే జ్ఞాపకమూ ఆలోచనా తగ్గిపోయే మెదడు జబ్బు.

ఆ ఇంట్లోనే టీవీ కింద సొరుగులో వినికిడి యంత్రం ఉంది. కొడుకు వేలు పోసి కొన్నదే. పెట్టుకున్న మొదటి రోజే ఫ్యాను గాలీ గిన్నెల చప్పుడూ బుర్రలో మోగినట్టయి తీసి పారేశారట. అలవాటు పడటానికి వారాలు పడుతుందని, అమర్చిన చోటికే రెండుమూడు సార్లు వెళ్ళి శబ్దం సరిచేయించుకోవాలని కొన్న రోజున ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆయనకి వినపడి ఉండదు, ఆ సంగతి మనం ఆలోచించాలి.

చెవి పోవడం వల్లే ఆయన మతి పోయిందని నేను అనడం లేదు. ఒక మనిషి విషయంలో అలా తేల్చి చెప్పడం ఏ డాక్టరుకీ సాధ్యం కాదు. కానీ ఇంటికొచ్చాక మా అబ్బాయి సాయంతో ఈ సంగతి చదవడం మొదలుపెట్టాను. రిటైరైనవాడికి టైముకేం కొదవ!

లాన్సెట్ అనే వైద్య పత్రిక వాళ్ళు వేసిన నిపుణుల కమిషన్ 2017లో డిమెన్షియా ముప్పు పెంచే, మనం మార్చుకోగలిగిన 9 కారణాలు గుర్తించింది. 2020లో వాటిని 12 చేసింది, 2024లో 14 చేసింది. చిన్నప్పుడు చదువు తక్కువ కావడం, వినికిడి లోపం, చెడు కొలెస్ట్రాల్, దిగులు జబ్బు, తలకు దెబ్బలు, కదలకుండా కూర్చోవడం, షుగరు, పొగ, బీపీ, ఊబకాయం, మితిమీరిన మందు, ఒంటరితనం, గాలి కాలుష్యం, పట్టించుకోకుండా వదిలేసిన చూపు. ఈ 14 పూర్తిగా లేకుండా చెయ్యగలిగితే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియా కేసుల్ని రాకుండానో, ఆలస్యంగా వచ్చేలానో చెయ్యొచ్చని వాళ్ళ అంచనా. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్క. పొద్దున్నే నడిచినవాడికి రాదని, చుట్ట కాల్చినవాడికి తప్పక వస్తుందని కాదు. నడిచి, మితంగా తిని, పేకాట దగ్గర అందర్నీ ఓడించినవాడికి కూడా రావచ్చు. వస్తే అది అతని తప్పూ కాదు, ఇంట్లోవాళ్ళ తప్పూ కాదు.

ఆ పట్టికలో నన్ను ఆపేసింది వాటాల గడి. అన్నింటికన్నా పెద్ద వాటా రెండింటిది, చెరి 7 శాతం. ఒకటి నడివయసులో పెరిగే చెడు కొలెస్ట్రాల్. రెండోది వినికిడి లోపం. ఒంటరితనం వాటా 5 శాతం. మా అకౌంటెంటు గారి విషయంలో వినికిడి లోపం, ఒంటరితనం రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి. సరిగా వినపడనివాడి మెదడు ప్రతి మాటా కూడబలుక్కోవడంలోనే అలిసిపోతుందనీ, విన్నది గుర్తుంచుకోవడానికి ఓపిక మిగలదనీ కొందరు నిపుణులంటారు. నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని మనిషి ముడుచుకుపోవడం ఇంకో దారి. ఆ రెండో దారి వేసింది మన హాల్లోనే.

యంత్రం పెడితే మతిమరుపు ఆగుతుందా అంటే అవునని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేం. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ వయసున్న 977 మంది మీద మూడేళ్ళు పరీక్షించి 2023లో ఫలితాలు చెప్పారు. మొత్తం మీద చూస్తే తేడా పెద్దగా కనపడలేదు. కానీ అందులో వయసు ఎక్కువై, గుండె జబ్బుల ముప్పు కూడా ఎక్కువగా ఉన్న వర్గంలో యంత్రం పెట్టుకున్న వాళ్ళకి బుర్ర మందగించడం 48 శాతం తగ్గింది. మన హాల్లో కూర్చునే వాళ్ళలో ఎక్కువమంది ఆ ముప్పు ఎక్కువున్న వర్గమేనని మీ బీపీ మాత్రల డబ్బాలే చెబుతాయి. ఆ మేలు జరగకపోయినా మనవరాలి మాట వినపడుతుంది కదా, అది చాలదా?

మన దగ్గర లెక్క ఎలా ఉందంటారా? దేశంలో 60 దాటిన వాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మంది అని 2023లో ప్రచురించిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. ఈ చివరి ముక్క దగ్గర మన సంఘం కాసేపు ఆగాలి.

మన సభ్యత్వ పుస్తకంలో కుటుంబ పింఛను తీసుకునే వాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. అక్కడి ఆడవాళ్ళలో ఎక్కువమంది భర్త ఉన్నప్పుడు హాలు గడప తొక్కలేదు. పోయాక కాగితాల పని పడితే వచ్చి, గోడవారగా నిలబడి, సంతకం పెట్టి వెళ్ళిపోతారు. మన తరంలో వాళ్ళని అయిదో తరగతితో బడి మాన్పించాం. ఆ 14 కారణాల్లో మొదటిది అదే. అది ఇప్పుడు దిద్దలేం. కుర్చీ వెయ్యగలం. రెండో ఆదివారానికి రమ్మని పిలవగలం, పిలిస్తే వస్తారు. మొన్న పెన్షనర్స్ డే నాడు పులిహోర కలపడానికి పిలిస్తే ఎనిమిది మంది వచ్చారు, మీరే చూశారు. వంటకి పిలిచినప్పుడు గుర్తొచ్చిన పేర్లు కార్యవర్గం వేసేటప్పుడు ఎందుకు గుర్తురావో నాకు అర్థం కాదు.

పెన్షనర్స్ డే మాట వచ్చింది కాబట్టి ఇది కూడా అనేస్తాను. డిసెంబరు 17 మనకి పండగ. 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదని తేల్చిన రోజు. ఆ వేదిక మీదే కిందటేడు ఒకాయన చేత జ్ఞాపకశక్తి పొడి గురించి ఉపన్యాసం చెప్పించి, తర్వాత బయట బల్ల వేయించి డబ్బాలు అమ్మించారు. మనవాళ్ళు తలా రెండు కొన్నారు. నేనూ ఒకటి కొన్నాను, దాచడం దేనికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చూస్తే, మతిమరుపు ముప్పు తగ్గించడానికని బి, ఇ విటమిన్లు, ఒమేగా నూనెల్లాంటివి, రకరకాలు కలిపిన గుళికలు సిఫార్సు చెయ్యడం లేదని రాశారు. లోపం ఉన్నవాడి సంగతి వేరే. బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, దిగులు జబ్బు పట్టుకున్నా, నిద్రమాత్రలు ఎక్కువైనా మతిమరుపులాగే కనపడుతుంది. పరీక్ష చేయించి మందు వాడితే చాలాసార్లు బాగవుతుంది. చాదస్తం అని పేరు పెట్టేసి వదిలేస్తే బాగయ్యేది కూడా బాగవదు. ఆ డబ్బాకి పెట్టిన డబ్బుతో బి12 పరీక్ష అయ్యేది.

మరి ఏం చేస్తే మేలని తేలింది? ఫిన్లాండులో 60 నుంచి 77 ఏళ్ళ వాళ్ళు 1,260 మందిని తీసుకుని రెండేళ్ళ పాటు తిండి, వ్యాయామం, బుర్రకి పని, బీపీ షుగర్ల మీద నిఘా, ఈ నాలుగూ కలిపి నడిపించారు. మామూలు సలహాలు మాత్రమే విన్న వాళ్ళకన్నా వాళ్ళ బుర్ర చురుగ్గా ఉందని 2015లో ప్రకటించారు. అదే బాటలో అమెరికాలో 2,111 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2025 జులైలో వచ్చాయి. నాకు దీని మీదే మనసు పడింది. రెండు జట్లు చేశారు. రెండు జట్లకీ చెప్పిన విషయాలు ఇంచుమించు ఒకటే. తేడా ఏమిటంటే ఒక జట్టుకి రెండేళ్ళలో 6 సమావేశాలు పెట్టి, మీకు తోచినట్టు చేసుకోండని వదిలేశారు. రెండో జట్టుకి 38 సమావేశాలు. ఎంత నడిచావు, ఏం తిన్నావు, బీపీ ఎంత అని తోటివాళ్ళ మధ్యే అడిగి, లెక్క రాసి, వెంటపడ్డారు. రెండు జట్లూ బాగుపడ్డాయి. వెంటపడ్డ జట్టు ఇంకాస్త ఎక్కువ బాగుపడింది.

రెండేళ్ళకి 38 సమావేశాలు! అయ్యా, మనం 24 ఎలాగూ పెడుతున్నాం. హాలుంది, బల్లలున్నాయి, టీ ఉంది, రిజిస్టరు ఉంది. కొత్తగా కట్టాల్సింది ఏమీ లేదు.

ఆ సమావేశంలో ఒక అరగంట మార్చమని అడుగుతున్నాను. బీపీ యంత్రం ఒకటి కొనండి, శాలువాల పద్దులోంచి కొనొచ్చు, అభ్యంతరం చెప్పేవాళ్ళుంటే నేను సమాధానం చెప్పుకుంటాను. ప్రతివాడి బీపీ పేరు పక్కన రాయండి. మనవాళ్ళకి ఒక రోగం ఉంది. మాత్ర వేసుకుంటే బీపీ నార్మల్‌కి వస్తుంది, నార్మల్‌కి వచ్చింది కదా అని మాత్ర మానేస్తారు. నెలనెలా రాస్తుంటే ఈ వేషం దొరికిపోతుంది. ఎవరి మోతాదు ఎంతో మనం చెప్పకూడదు, డాక్టరు దగ్గరికి తోలడం వరకే మన పని. ఉప్పు సంగతి పెద్దగా చెప్పను. రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు, ఆవకాయ జాడీ ముందు కూర్చున్న తెలుగువాడికి ఆ మాట చెప్పేటంత ధైర్యం నాకు లేదు. పక్కనే పెరుగు, ఆకుకూర, పప్పు పెంచుకుంటే జాడీ తనంతట తనే కాస్త వెనక్కి జరుగుతుంది.

నడక విషయంలో మన వాకర్స్ బృందం బాగానే ఉంది కానీ వాళ్ళు అరగంట నడిచి గంట బెంచీ మీద కూర్చుంటారు. కూర్చోనివ్వండి, ఆ గంట కబుర్లు నడకంత అవసరం. వారానికి కనీసం 150 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా కదలాలని, 65 దాటినవాళ్ళు వారంలో మూడు రోజులైనా నిలదొక్కుకునే కసరత్తు కూడా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ నిలదొక్కుకోవడం మనం వదిలేశాం. పడితే తల పగులుతుంది, తల దెబ్బ కూడా ఆ 14లో ఉంది. ఇది చదువుతున్న వాళ్ళలో సగం మంది సమావేశానికి స్కూటరు మీద హెల్మెట్ లేకుండా వస్తారు. "ఇక్కడికేగా" అంటారు. పడేది కూడా ఇక్కడే.

కబుర్ల మాట తేలిగ్గా తీసుకోకండి. మన హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక అధ్యయనం వెలువరించారు. రెండు భాషలు మాట్లాడే వాళ్ళకి ఒకే భాష మాట్లాడే వాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా లక్షణాలు మొదలయ్యాయట. అక్షరం ముక్క రాని వాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే మనిషికి ప్రతి మాట దగ్గరా బుర్ర ఏది వాడాలో తేల్చుకోవాలి కదా. మూడో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనపడలేదు, కాబట్టి ఈ వయసులో ఫ్రెంచి క్లాసులు పెట్టమని ఎవరూ తీర్మానం చెయ్యనక్కర్లేదు. మాట్లాడటానికి మనిషి ఎదురుగా ఉంటే చాలు.

ఇక అసలు పని. ఏటా ఒకసారి మనం బతికే ఉన్నామని ప్రభుత్వానికి రుజువు చూపించుకుంటాం. లైఫ్ సర్టిఫికెట్ క్యాంపు మన హాల్లోనే పెడతారు. వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టకపోతే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టిస్తారు. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చేది ఆ ఒక్కరోజే. 2021 నుంచి ఫోన్లో మొహం చూపించి కూడా ఇచ్చుకునే వీలొచ్చింది. మంచం మీదున్న వాళ్ళకి అది వరమే. కాకపోతే నడవగలిగిన వాడికి కూడా గడప దాటడానికి ఉన్న ఆ ఒక్క సాకూ పోయింది.

ఆ క్యాంపులో వేలిముద్ర బల్ల పక్కనే ఇంకో బల్ల వెయ్యండి. మనిషిని కూర్చోబెట్టి, వెనక చేయి చాచినంత దూరంలో నిలబడి, ఒక చెవి మూయించి, మూడు అంకెలు గుసగుసగా చెప్పి తిరిగి చెప్పమనండి. తర్వాత రెండో చెవి. డాక్టర్లు వాడే పద్ధతే ఇది, పైసా ఖర్చు లేదు. చెప్పలేకపోయిన వాళ్ళ పేర్లు రాసుకుని, ఒక తేదీ చూసి అందర్నీ కలిపి ఆటోల్లో ప్రభుత్వాసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి తీసుకెళదాం. కొందరికి గులిమి గడ్డకట్టి ఉంటుంది, తీసేస్తే అక్కడికక్కడే సరిపోతుంది. యంత్రం అవసరమైన వాళ్ళలో కొనలేని కుటుంబాలుంటే, దారిద్య్రరేఖకు దిగువన ఉన్న వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017లో దాన్ని మొదలుపెట్టింది మన నెల్లూరులోనే. వృద్ధుల సహాయ వాణి 14567కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కళ్ళకి రెండు రాష్ట్రాల్లోనూ కంటి వెలుగు శిబిరాలు పెట్టారు, ఊరూరా తిరిగి అద్దాలిచ్చారు. చెవికి అలాంటిది పెట్టమని మన సంఘాలన్నీ కలిసి ఒక మహజరు ఇవ్వొచ్చు. పీఆర్సీ కోసం ఎన్ని ఇవ్వలేదు?

అన్నిటికన్నా ముందు అయ్యే పని ఒకటుంది, దానికి తీర్మానం కూడా అక్కర్లేదు. హాజరు పట్టీ తీయండి. వరసగా మూడు నెలలు సంతకం లేని పేర్లు ఒక కాగితం మీద రాయండి. నేను పాత అలవాటు కొద్దీ పోయిన వారం ఆ పని చేశాను. ఇరవై మూడు పేర్లు తేలాయి. అందులో ముగ్గురు పోయారు, ఇద్దరు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళారు. మిగిలిన పద్దెనిమిది మంది ఈ ఊళ్ళోనే, మన హాలుకి రెండు మూడు కిలోమీటర్ల లోపే ఉన్నారు. కార్యవర్గంలో తొమ్మిది మందిమి, తలా ఇద్దరు. ఫోన్ కాదు, ఇంటికి వెళ్ళాలి, వాళ్ళలో ఎంతమందికి ఫోన్లో మాట వినపడుతుందో మనకి తెలియదు.

నా వంతు ఇద్దరిలో ఒకరు మా అకౌంటెంటు గారు. ఆయన భార్యతో మాట్లాడాను, సరేనన్నారు. వచ్చే రెండో ఆదివారం ఆయన్ని ఆటోలో తీసుకొస్తున్నాను. ఏదో ఒకటి అడుగుతారు, వోచరు గురించే కావచ్చు, ఎవరూ నవ్వకండి. కుడి చెవి కాస్త నయం ఆయనకి. ఫ్యాను కింద కుర్చీ ఖాళీగా ఉంచి, మాట్లాడాల్సిన వాళ్ళు కుడి పక్కన కూర్చోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సబ్ ట్రెజరీ ఉద్యోగి